మూగవోయిన స్పీకరు – దోషనిర్ణయ విధానం

పంచేంద్రియాలలో శ్రవణేంద్రియానికి ఒక ప్రత్యేకత కలదు. కంటికి రెప్ప ఉన్నది. చెవికి తలుపు లేదు. నిద్రలోనైనా అది మేలుకొని ఉంటుంది. అట్టి చెవికి విందు చేయుటకు మానవుడు నిర్మించుకొన్న యంత్రాలు నేడు ప్రతి యింటా నిండి ఉన్నవి. 1935లో హైదరాబాదు నుండి దక్కను రేడియో ప్రసారాలు వినబడిన నాటికి ఇంట రేడియో ఉండుట ఒక వైభవం. నేడో, టెలివిజను, సెల్‌ఫోను, కంప్యూటరు, సౌండుబారు, చెవిలో ఇముడు చిన్న హెడ్‌ఫోను – ఇవి లేని విద్యార్థి గది అరుదు.

అయితే ఈ యంత్రాలు ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా మూగవోతాయి. గజలు వినుచుండగా గాయకుని గొంతు మాయమై తబలా మాత్రమే మిగులుతుంది. వార్తలు చదువు వారి పెదవులు కదులుతాయి, మాట వినబడదు. అట్టి సమయాన సామాన్యుడు రెండే పనులు చేస్తాడు: పెట్టెపై అరచేతితో ఒక దెబ్బ వేయుట, లేదా క్రొత్తది కొనుట. మొదటిది శాస్త్రం కాదు. రెండవది తరచుగా అనవసర వ్యయం. నాడి చూడక మందిచ్చు హకీము ఉండడు. అట్లే యంత్రానికి కూడా ముందు పరీక్ష, పిదప చికిత్స. ఆ పరీక్షా విధానాన్ని వివరించుటయే ఈ వ్యాసోద్దేశం.

శబ్దం నడచు త్రోవ

దోషం ఎక్కడ ఉన్నదో తెలియవలెనంటే శబ్దం ఏ త్రోవన నడచునో ముందు తెలియవలెను. ఫోనులోగాని టెలివిజనులోగాని పాట మొదట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెలు విద్యుత్ తరంగాలుగా మారుతాయి. బలహీనమైన ఆ తరంగాలను యాంప్లిఫయరు బలపరుస్తుంది. అవి తీగ గుండా, పిన్ను గుండా స్పీకరును చేరుతాయి. స్పీకరులో ఒక అయస్కాంతం, దాని సందులో వ్రేలాడు సన్నని రాగితీగ చుట్ట, ఆ చుట్టకు అతికిన కాగితపు శంకువు ఉంటాయి. విద్యుత్తు ప్రవహించినపుడు తీగచుట్ట అయస్కాంతక్షేత్రంలో ముందుకు వెనుకకు కదులుతుంది. దానితోపాటు శంకువు కదిలి గాలిని కంపింపజేస్తుంది. ఆ కంపనమే మనకు వినబడు ధ్వని.

ఈ రకపు స్పీకరును అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇరువురు 1925లో శాస్త్రలోకానికి వివరించారు. దాదాపు నూరు సంవత్సరాలు గడచినా మూలసూత్రం మారలేదు. హెడ్‌ఫోను చరిత్ర ఇంకను పాతది. నథానియల్ బాల్డ్విన్ అను అమెరికను 1910 ప్రాంతంలో తన వంటయింటిలోనే హెడ్‌ఫోనులు తయారుచేసి అమెరికా నౌకాదళానికి పంపినాడు. సంగీతం వినుటకై రెండు చెవులకు వేర్వేరు ధ్వనులను అందించు స్టీరియో హెడ్‌ఫోనును జాన్ కాస్ 1958లో ప్రవేశపెట్టినాడు. 1979లో జపాను దేశపు సోనీ సంస్థ వాక్‌మనును విడుదల చేయుటతో హెడ్‌ఫోను వీధిలోనికి వచ్చింది.

కావున అంకెల నిలయం, యాంప్లిఫయరు, సాకెట్టు, పిన్ను, తీగ, తీగచుట్ట, శంకువు, చివరకు వినువాని చెవి – ఇవి ఒక గొలుసులోని లంకెలు. ఏ ఒక్క లంకె తెగినా శబ్దం ఆగిపోతుంది. చివరి లంకె చెవి అన్న సంగతిని మరువరాదు; దానిని గూర్చి ముందు చెప్పగలం.

గొలుసును మధ్యకు విభజించుట

ఎనిమిది లంకెలున్న గొలుసులో ఒకటి తెగినదనుకొందాం. ఒక్కొక్క లంకెను వరుసగా పరీక్షించినచో ఏడు పరీక్షలు కావలసి రావచ్చు. అట్లు గాక గొలుసును సగానికి విభజించి, దోషం ఏ సగంలో ఉన్నదో తేల్చి, ఆ సగాన్ని మరల విభజించినచో మూడు పరీక్షలతో పని ముగుస్తుంది. అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేయునది ఇదే.

ఇంటిలో ఈ విభజనకు సులభమైన ఉపాయం మార్పిడి. హెడ్‌ఫోను పలుకకపోతే దానిని వేరొక ఫోనుకు తగిలించవలెను. అక్కడ పలికినచో హెడ్‌ఫోను నిర్దోషి. మొదటి ఫోనును అనుమానించవలెను. అక్కడను పలుకనిచో దోషం హెడ్‌ఫోనులోనే ఉన్నది. ఈ ఒక్క పరీక్షకు అర నిమిషం పట్టదు. కాని దీనిని చేయకుండనే క్రొత్త హెడ్‌ఫోను కొని, అదియు పలుకక విచారించువారు ఎందరో.

రెండు స్పీకర్లున్న స్టీరియోలో ఎడమది మూగవోయినదనుకొందాం. ముందు యాంప్లిఫయరును ఆపవలెను. తీగలు ఒకదానికొకటి తగిలినచో యాంప్లిఫయరు చెడిపోగలదు కనుక ఈ నియమం తప్పరాదు. పిదప యాంప్లిఫయరు వెనుక ఎడమ, కుడి స్పీకరు తీగలను తారుమారు చేసి మరల నడపవలెను. ఇప్పుడును ఎడమ స్పీకరే మూగగా ఉన్నచో దోషం స్పీకరులోగాని దాని తీగలోగాని ఉన్నది. మౌనం కుడి స్పీకరుకు మారినచో స్పీకర్లు రెండును మంచివే. దోషం యాంప్లిఫయరులోగాని అంతకు ముందుగాని ఉన్నది. అప్పుడు స్పీకరు తీగలను యథాస్థానంలో ఉంచి, యాంప్లిఫయరులోనికి వచ్చు ఎరుపు, తెలుపు పిన్నులను తారుమారు చేయవలెను. మౌనం ప్రక్క మారినచో దోషం ఆ తీగలోగాని పాటను పంపు పరికరంలోగాని కలదు. మారనిచో యాంప్లిఫయరులో కలదు. ఏ పరికరమూ లేకుండా, ఒక్క రూపాయి వ్యయం లేకుండా, దోషం ఉన్న గదిని మనం కనుగొన్నాము.

బొత్తిగా శబ్దం లేనప్పుడు

పూర్తి నిశ్శబ్దానికి కారణం తరచుగా యంత్రదోషం కాదు, అమరిక దోషం. శబ్దస్థాయి రెండు మూడు చోట్ల ఉండవచ్చును. కంప్యూటరులో ఒకటి, పాట వినిపించు ప్రోగ్రాములో ఒకటి, స్పీకరు పెట్టెపై ఒకటి. వీటిలో ఏ ఒక్కటి సున్నలో ఉన్నా తక్కినవి ఎంత పెంచినను ఫలితం సున్నయే. ఇది గుణకారం, కూడిక కాదు.

ఆధునిక పరికరాలు శబ్దాన్ని ఒకే చోటికి పంపవు. తీగలేని బ్లూటూతు హెడ్‌ఫోను ప్రక్క గదిలో తెరచి ఉన్నచో, ఫోను పాటను అక్కడికే పంపుచుండవచ్చును. బ్లూటూతును ఆపి చూచుట మొదటి పరీక్ష. టెలివిజనుకు సౌండుబారును హెచ్.డి.ఎం.ఐ. తీగతో కలిపినపుడు, టెలివిజను వెనుక ఉన్న రంధ్రాలన్నియు ఒక్కటి కావు. వీటిలో 'ఎ.ఆర్.సి.' అని గుర్తున్నది మాత్రమే శబ్దాన్ని బయటికి పంపగలదు. ఈ సౌకర్యం 2009లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. 1.4 ప్రమాణంతో ఆరంభమైనది. గుర్తులేని రంధ్రంలో తీగను చొప్పించి సౌండుబారు చెడినదని వగచుట వ్యర్థం. తీగ సరియైన చోటనే ఉన్నను, టెలివిజను అమరికలలో శబ్దం బయటి స్పీకరుకు పోవునట్లు ఎంచుకొనవలెను.

మరియొక విచిత్రమైన సందర్భం కలదు. హెడ్‌ఫోను పిన్ను పెట్టినపుడు పెట్టెలోని స్పీకరు ఆగిపోవుట మనకు తెలిసినదే. పాత పరికరాలలో పిన్ను సాకెట్టులోని చిన్న లోహపు రేకును ప్రక్కకు నెట్టుట వలన ఇది జరిగేది. ఆ రేకు వంగి తిరిగి రానిచో, పిన్ను తీసిన పిమ్మటకూడ పరికరం హెడ్‌ఫోను ఉన్నదనియే భ్రమించును. పిన్నును పది పన్నెండు మారులు పెట్టి తీసినచో రేకు తరచుగా యథాస్థితికి వస్తుంది. జేబులోని నూలుపోగులు ఫోను సాకెట్టులో చేరి పిన్నును లోపలికి పోనీయకుండుట కూడ సాధారణం. ఫోనును ఆపి, పొడి పుల్లతో మెల్లగా తీయవలెను. సూది మొదలగు లోహపు వస్తువులు వాడరాదు.

ఒక చెవిలోనే వినబడినప్పుడు

చాలామంది ఎరిగిన 3.5 మిల్లీమీటర్ల పిన్నును పరిశీలించినచో నల్లని వలయాలచే విడివడిన లోహభాగాలు కనబడతాయి. కొన ఎడమ చెవికి, దాని తరువాతి వలయం కుడి చెవికి, మొదలు రెంటికి ఉమ్మడి మార్గానికి చెందినవి. మైకు కూడ ఉన్న పిన్నులో నాలుగు భాగాలుంటాయి. ఈ పిన్నుకు పూర్వీకుడు పంతొమ్మిదవ శతాబ్దపు టెలిఫోను ఎక్స్ఛేంజిలలో వాడిన 6.35 మిల్లీమీటర్ల లావు పిన్ను.

ఒక చెవి మూగవోవుటకు అత్యంత సామాన్యకారణం తీగ తెగుట. తీగ ఎక్కడంటే అక్కడ తెగదు. ఎక్కువగా వంగు చోట్లనే, అనగా పిన్ను మొదట, హెడ్‌ఫోనులోనికి ప్రవేశించు చోట తెగుతుంది. పాట వినుచు ఆ చోట్లను వ్రేళ్ళతో మెల్లగా వంచి చూడవలెను. శబ్దం వచ్చి పోవుచున్నచో రోగస్థానం దొరికినట్లే. టంకం వేయుట తెలిసినవాడు క్రొత్త పిన్ను అతికి దానిని బ్రతికించగలడు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల ఇట్టి పిన్నులు, తీగలు విడిగా లభిస్తాయి.

తీగ నిర్దోషియైనచో రెండు సంగతులు చూడవలెను. ఒకటి, ఫోను అమరికలలో ఎడమ కుడి సమతౌల్యం ఒక ప్రక్కకు జరిగియుండుట. రెండు, చెవిలో దూర్చు హెడ్‌ఫోనుల జాలీలో గులిమి చేరుట. జాలీ మూసుకొన్నచో శబ్దం పూర్తిగా పోదు, క్రమక్రమంగా క్షీణిస్తుంది. మెత్తని పొడి బ్రష్షుతో, జాలీని క్రిందివైపుకు పట్టుకొని శుభ్రపరచవలెను.

మల్టీమీటరు ఉన్నవారు తీగచుట్టను కొలువవచ్చును. 8 ఓముల స్పీకరు మీటరుపై సుమారు 6 లేక 7 ఓములు చూపుతుంది. ఇది దోషం కాదు. స్పీకరుపై ముద్రించినది మారు విద్యుత్తుకు కలుగు నిరోధం, మీటరు కొలుచునది ఏకముఖ విద్యుత్తుకు కలుగు నిరోధం. అంతులేని నిరోధం చూపినచో చుట్ట తెగినదని అర్థం. మీటరు లేనివారు పెద్ద స్పీకరును యాంప్లిఫయరు నుండి విడదీసి, 1.5 వోల్టుల టార్చి సెల్లును క్షణకాలం తాకింపవచ్చును. స్పీకరు బాగున్నచో 'టక్' మని శంకువు కదులుతుంది. ఈ పరీక్షను హెడ్‌ఫోనుకు, ముఖ్యంగా చెవికి పెట్టుకొని, ఎన్నడును చేయరాదు.

గాయకుడు మాయమైనప్పుడు

అన్నిటికంటె వింతయైన దోషం ఇది. వాద్యాలు వినబడతాయి, కాని గొంతు ఎక్కడో బావిలో నుండి వచ్చినట్లుంటుంది, లేదా అసలే ఉండదు. దీనికి కారణం సాధారణ గణితంలో ఉన్నది.

స్టీరియో పాటలో గాయకుని గొంతును మధ్య నుండి వచ్చునట్లు చేయుటకు ఎడమ కుడి మార్గాలలో సమానంగా ఉంచుతారు. వాద్యాలను మాత్రం కొన్నిటిని ఎడమకు, కొన్నిటిని కుడికి జరుపుతారు. ఉమ్మడి తీగ తెగినచో విద్యుత్తు తిరిగి పోవుటకు దారి లేక, ఎడమ చుట్ట నుండి కుడి చుట్టలోనికే ప్రవహిస్తుంది. అప్పుడు రెండు చెవులకు వినబడునది ఎడమ కుడిల తేడా మాత్రమే. గొంతు ఎడమలో 5 పాళ్ళు, కుడిలో 5 పాళ్ళు ఉన్నచో తేడా సున్న. సితారు ఎడమలో 4, కుడిలో 1 ఉన్నచో తేడా 3. కావున సితారు నిలిచింది, గాయకుడు పోయాడు.

ఉమ్మడి తీగ తెగకుండనే ఇట్లు జరుగవచ్చును. నాలుగు భాగాల పిన్నులలో మైకు, ఉమ్మడి మార్గాల స్థానాలను రెండు విధాలుగా అమర్చు సంప్రదాయాలున్నవి. ఒక సంప్రదాయపు హెడ్‌ఫోనును మరియొక సంప్రదాయపు పరికరానికి తగిలించినచో ఉమ్మడి మార్గం మైకు మార్గంలో చిక్కుకొని గొంతు మాయమవుతుంది. మైకు బొత్తామును నొక్కి పట్టినపుడు గొంతు తిరిగి వచ్చినచో కారణం ఇదియే అని నిశ్చయింపవచ్చును. స్థానాలను మార్చు చిన్న అడాప్టరు చాలును. పిన్నును పూర్తిగా నొక్కకుండుట కూడ ఇదే ఫలితాన్నిస్తుంది.

గది స్పీకర్లలో దీనికి సోదరి వంటి దోషం కలదు. ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తీగలు తారుమారైనచో, ఒక శంకువు ముందుకు పోవునపుడు రెండవది వెనుకకు పోతుంది. గదిలో మంద్రస్వరాలు ఒకదానినొకటి చంపుకొంటాయి. ఢోలకు బలం పోతుంది. శబ్దం పలుచనైనదని స్పీకర్లను మార్చుటకు ముందు, తీగల రంగులను ఒకమారు సరిచూడవలెను.

గుయ్యిమను మోత, చిటపట, బొంగురు

మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. ఆ 50 కంపనాల మంద్రధ్వని, లేదా దానికి రెట్టింపైన 100 కంపనాల ధ్వని, గుయ్యిమను మోతగా స్పీకరులో ప్రవేశించవచ్చును. దీని జన్మస్థానాన్ని శబ్దస్థాయిని తగ్గించి తెలిసికొనవచ్చును. స్థాయి తగ్గించినపుడు మోత తగ్గినచో అది ముందు భాగం నుండి, అనగా పాటను తెచ్చు తీగ లేక పరికరం నుండి వచ్చుచున్నది. తగ్గకున్నచో మోత ఆ మీటకు తరువాతి భాగంలోగాని విద్యుత్తును సరఫరా చేయు భాగంలోగాని పుట్టుచున్నది; ఎండిపోయిన కెపాసిటరు తరచుగా దానికి కారణం. ఇది మెకానిక్కు పని.

ల్యాప్‌టాపు చార్జరును ఊడదీయగనే మోత ఆగినచో దోషం రెండు పరికరాల ఎర్తు మార్గాలు కలిసి వలయం కట్టుటలో ఉన్నది. రెంటిని ఒకే ప్లగ్గుబోర్డు నుండి నడిపినచో తరచుగా శమిస్తుంది. కొందరు ఈ మోతను వదిలించుటకు ప్లగ్గులోని లావుపాటి ఎర్తు పిన్నును విరుస్తారు. అది ప్రాణాపాయకరం. మోత చెవికి బాధ, ఎర్తు లేమి ప్రాణానికి బాధ.

మీట త్రిప్పినపుడు మాత్రమే వచ్చు గరగర ధ్వనికి మీటలోని ధూళి కారణం. ఆపిన పరికరపు మీటను ఆ కొసకు ఈ కొసకు ఇరవై ముప్పది మారులు త్రిప్పినచో కొంత నయమవుతుంది. ఫోను మ్రోగుటకు ముందు స్పీకరులో వచ్చు 'టిటిటి' ధ్వని 2జి ఫోను సెకనుకు సుమారు 217 మారులు పంపు రేడియో స్పందనల ఫలితం. ఫోనును దూరంగా ఉంచుటయే మందు.

గొంతు బొంగురుపోవుటకు రెండు కారణాలున్నవి. తక్కువ స్థాయిలోను బొంగురైనచో శంకువు చిరిగి ఉండవచ్చును, లేదా దాని అంచుననున్న నురుగు వలయం వేడిమికి, తేమకు పొడియై రాలి ఉండవచ్చును. ఈ వలయాన్ని మార్చవచ్చును. ఎక్కువ స్థాయిలో మాత్రమే బొంగురైనచో యాంప్లిఫయరు శక్తికి మించి పనిచేయుచున్నదని అర్థం. అట్టి వికృత తరంగాలు స్పీకరు చుట్టను వేడెక్కించి కాల్చివేయగలవు. స్థాయిని తగ్గించుట ఒక్కటే దారి.

మాట తెలియని టెలివిజను

నేటి పలుచని టెలివిజనులలో స్పీకర్లకు చోటు లేక వాటిని క్రిందికో వెనుకకో త్రిప్పి అమర్చుతారు. శబ్దం గోడకు తగిలి మన వద్దకు వస్తుంది. అదియు గాక సినిమాల ధ్వనిని ఆరు మార్గాలలో సిద్ధపరచినపుడు సంభాషణ మధ్యమార్గంలో ఉంటుంది. ఆరింటిని రెంటిలోనికి కుదించునపుడు వాద్యఘోష క్రింద సంభాషణ అణగిపోవచ్చును. అమరికలలో శబ్దాన్ని స్టీరియోగా మార్చుట, సంభాషణను స్పష్టపరచు అమరికను ఎంచుకొనుట ఇందుకు ఉపాయాలు. ముదుసలి తల్లిదండ్రులు టెలివిజను ఎక్కువగా పెంచుట అన్నివేళలా చెవుడు కాదు. ఒక్కొక్కప్పుడు ఇదియే కారణం.

బ్లూటూతు హెడ్‌ఫోనుతో చూచునపుడు పెదవుల కదలికకు మాట వెనుకబడుట మరియొక దోషం. శబ్దాన్ని అంకెలుగా కుదించి పంపి తిరిగి విప్పుటకు 0.2 సెకను వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, పట్టవచ్చును. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అనగా మనం తెరకు 68 మీటర్ల దూరాన కూర్చున్నట్లు. తీగ హెడ్‌ఫోనుకు ఈ జబ్బు లేదు.

చివరి లంకె

ఎడమ చెవిలో శబ్దం తగ్గినపుడు హెడ్‌ఫోనును త్రిప్పి, ఎడమ బిళ్ళను కుడి చెవికి, కుడి బిళ్ళను ఎడమ చెవికి పెట్టి చూడవలెను. మౌనం బిళ్ళతోపాటు ప్రక్క మారినచో యంత్రదోషం. ఏ బిళ్ళ పెట్టినను ఎడమ చెవిలోనే తగ్గినచో దోషం యంత్రంలో లేదు, చెవిలో ఉన్నది. గులిమి అడ్డుపడి ఉండవచ్చును. అగ్గిపుల్లతో, పిన్నీసుతో త్రవ్వక వైద్యునికి చూపవలెను. ఒక్క రోజులోనో, రెండు మూడు రోజులలోనో ఒక చెవి హఠాత్తుగా మందగించినచో దానిని అత్యవసర రోగంగా భావించి వెంటనే చెవి, ముక్కు, గొంతు వైద్యుని ఆశ్రయించవలెను. తొలి దినాలలో చేసిన చికిత్సకు ఫలితం ఎక్కువ. వారాలు గడచిన పిదప పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చును. హెడ్‌ఫోను చెడినదని భ్రమించి ఆ దినాలను పోగొట్టుకొనరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్లులు. డెసిబెల్లులలో పది పెరిగినచో శక్తి పది రెట్లు పెరుగుతుంది. కనుక 90 డెసిబెల్లుల వద్ద ఆ హద్దు 40 గంటలు గాక 4 గంటలే. బస్సులో ఇంజను రొదను జయించుటకు పాటను పెంచు విద్యార్థి ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను. లోపలి చెవిలోని సూక్ష్మరోమకణాలు ఒకమారు నశించినచో మరల మొలవవు. వాటికి విడిభాగాలు ఏ గల్లీలోను లభించవు.

కొన్ని నిషేధాలు

గోడ ప్లగ్గుతో నడచు ఏ పరికరాన్నీ తెలియనివారు విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటకూడ లోపలి పెద్ద కెపాసిటర్లు విద్యుత్తును నిలువ ఉంచుకొంటాయి. పాత గాజుగొట్టపు టెలివిజనులలో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చును. తీగలేని హెడ్‌ఫోను పెట్టె ఉబ్బినట్లు కనబడినచో బ్యాటరీ చెడినదని గ్రహించి చార్జి చేయుట మానవలెను. దానిని నొక్కరాదు, గుచ్చరాదు.

పరీక్షలన్నియు చేసిన పిదప మెకానిక్కు వద్దకు పోవలసి వచ్చినను శ్రమ వృథా కాదు. "పలుకుట లేదు" అని చెప్పుటకు బదులు, "తీగలు తారుమారు చేసినను ఎడమ స్పీకరే మూగగా ఉన్నది, మీటరు అంతులేని నిరోధం చూపుచున్నది" అని చెప్పగలిగినచో అతని కాలం, మన ధనం రెండును మిగులుతాయి, చెడని భాగాన్ని మార్చు అవకాశమూ ఉండదు. ఒక మారు ఒక్కదానినే మార్చి, ఫలితాన్ని గమనించి, ఆ పిదపనే రెండవ అడుగు వేయుట – మన ప్రయోగశాలలలో నేర్పు పాఠం ఇదియే. దానిని ఇంటిలోని చిన్న స్పీకరుపైనను ప్రయోగించి చూడవలసినదిగా సోదర విద్యార్థులను, విద్యార్థినులను కోరుచున్నాను.